టైమ్‌టేబుల్‌కు నేను వేసిన తాళం

ఇంటికి తాళం వేసి, తాళంచెవి పోగొట్టుకుని వీధిలో నిలబడ్డవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళదేముంది, పక్కింటివాళ్ళు కాసేపు నవ్వుతారు, ఎవరో వచ్చి తాళం పగలగొడతారు, అంతటితో అయిపోతుంది. నా సంగతి అలా కాదు. నేను ఇల్లంతా చిందరవందరగా ఉన్నప్పుడు తలుపులు బార్లా తెరిచి, వాటిని ఎవరూ మూయలేకుండా తాళం వేశాను. ఆ తర్వాత ఊరందరినీ లోపలికి పిలిచాను.

ఇది ఎక్సెల్ షీటు కథ. భయపడి పేజీ తిప్పేయకండి. ఎక్సెల్ అంటే కంప్యూటర్లో ఉండే గళ్ళ కాగితం, అంతే. ఒక గడిలో మార్పు చేస్తే, దాన్ని నమ్ముకున్న గళ్ళన్నీ వాటంతట అవే మారిపోతాయి. నన్ను నిలువునా ముంచింది ఈ సుగుణమే.

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక బట్టల షాపు పైన ఉంది మా కోచింగ్ సెంటర్. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కు పిల్లల్ని తయారుచేస్తాం. "తయారుచేస్తాం" అన్నానని నేనేదో పాఠాలు చెబుతాననుకునేరు. నేను టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జిని. మా ఊళ్ళో నాన్న ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేవాడు. నేను డిగ్రీ చదివి, ఈ ఊరొచ్చి, ఏ గదికి ఎప్పుడు ఏ సారును వదలాలో చూస్తున్నాను. నీళ్ళు చెప్పినచోటికి వెళ్తాయి. తేడా అక్కడే ఉంది.

మా సెంటర్లో అందరికీ భయం రెండు గంటల పీరియడ్. పిల్లలు మెస్‌లో అన్నం, సాంబారు, వడియాలు, ఆ పైన పెరుగు పట్టించి వస్తారు. బయట సముద్రం మీంచి వచ్చే ఉక్కపోత. పైన ఫ్యాను ఒకే రాగం తీస్తుంటుంది. ఆ గదిలో సింహాన్ని నిలబెట్టినా పిల్లలు ఆవులిస్తారు, సింహం కూడా ఆవులిస్తుంది. అందుకే ఆ పీరియడ్ ఎవరికీ అక్కర్లేదు.

ముగ్గురు లెక్చరర్లు. లెక్కలు అప్పలనాయుడు సార్, ఫిజిక్సు విజయ మేడమ్, కెమిస్ట్రీ సోమయాజులు సార్. ఆ ముగ్గురి పేర్ల మీదే మా సెంటర్ నడుస్తోంది. కానీ టైమ్‌టేబుల్ ఫైలు ఆఫీసు కంప్యూటర్లో అందరికీ అందుబాటులో ఉండేది. ఎవరైనా తెరవవచ్చు, ఎవరైనా మార్చవచ్చు. నేను సోమవారం పేర్చింది మంగళవారానికి నాకే కొత్తగా కనిపించేది.

నాయుడు సార్‌ను ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"సార్, రెండు గంటల క్లాసు మీది కదా. పదింటికెలా వచ్చింది?"

"ఏటో శ్రీనూ, నానైతే ముట్టుకోలేదు. అదే జరిగినట్టున్నాది."

"గళ్ళు వాటంతట అవి జరగవు సార్."

"నువ్వే కదేటి సెప్పేవు, ఒకటి మారితే అన్నీ మారిపోతాయని."

నేను ఆయన్ను మళ్ళీ రెండు గంటలకు జరిపేవాణ్ణి. మర్నాటికి అక్కడ విజయ మేడమ్ పేరు ఉండేది. అది మేడమ్ కళ్ళబడగానే అక్కడికి సోమయాజులు సార్ పేరు వచ్చేది. సోమయాజులు సార్ సాధువు. ఎవరితోనూ గొడవపడరు. ఆయన ఎవరి పేరూ మార్చకుండా రెండు గంటల వరసనే మొత్తంగా తీసేశారు. ఆ వారం మా సెంటర్లో ఒంటిగంట తర్వాత నేరుగా మూడయ్యేది.

చివరికి ఒకరోజు ఒకే గదిలోకి ఇద్దరు లెక్చరర్లు మార్కర్లు పట్టుకుని వెళ్ళారు. పక్కగదిలో పాఠం చెప్పేవాళ్ళెవరూ లేక పిల్లలు అంత్యాక్షరి మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ఫీజులు కనుక్కోవడానికి వచ్చిన తల్లిదండ్రులు ఆ వరండాలోంచే నడిచారు. వాళ్ళు పాట వింటూ వచ్చారు, పాట వింటూనే వెళ్ళిపోయారు.

మా డైరెక్టరు అన్నపూర్ణ మేడమ్ నన్ను పిలిచారు.

"శ్రీనూ, సోమవారం కొత్త బ్యాచ్ మొదలు. పేరెంట్స్‌ని పిలిచాం. టైమ్‌టేబుల్ తెర మీద వేసి చూపిద్దాం. తెలుగులో ఉండాలి, అందరికీ అర్థమవ్వాలి. ఎదురు వీధిలో కొత్త సెంటర్ ఏసీ గదులతో తెరిచారు, చూశావు కదా. ఇక్కడ చేర్పించాలా, అక్కడ చేర్పించాలా అని ఆ రోజే తేల్చుకుంటారు. అందులో గానీ ఒక్క గడి అటూ ఇటూ అయిందంటే..."

మాట పూర్తిచేయకపోవడం మేడమ్ పద్ధతి. మిగతాది మనమే పూరించుకోవాలి. నేను పూరించుకున్నాను.

నా స్నేహితుడు గణేశ్ మధురవాడలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. వాడికి ఫోను చేశాను.

"బావ, మా లెక్చరర్లు షీటు ఇష్టమొచ్చినట్టు మార్చీత్తన్నారు. ఏటి సెయ్యాల?"

"ప్రొటెక్ట్ సేసీ బావ. పాస్‌వర్డు పెట్టీ. ఇంక ఎవుడూ ముట్టుకోలేడు."

"అంతేనా?"

"ఆగు, విను. మూసే ముందు అంతా ఓసారి సదువుకో. మార్చాల్సిన గళ్ళేవో తెరిచి ఉంచు, మిగతావి మూసీ. తాళం లేని కాపీ ఒకటి పక్కనెట్టుకో. పాస్‌వర్డు ఎక్కడైనా రాసుకో. ఇంటన్నావా?"

వింటున్నాననే అన్నాను. నిజానికి "ఎవుడూ ముట్టుకోలేడు" దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఆ తర్వాత వాడు చెప్పినవన్నీ నాకు పెళ్ళిమంత్రాల్లా మంగళకరంగా వినిపించాయి గానీ ఒక్కటీ అర్థంకాలేదు.

వారమంతా కూర్చుని, ఎవరికీ చూపించకుండా కొత్త ఫైలు కట్టాను. కట్టాను అనే అంటాను, ఎందుకంటే అది కోట. అందులో రెండు షీట్లు. ఒకటి టైమ్‌టేబుల్. రెండోదాని పేరు "పేర్లు". టైమ్‌టేబుల్‌లో ఎక్కడా లెక్చరరు పేరు నేరుగా రాయలేదు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరుకు తగిన పేరును రెండో షీటు నుంచి అదే తెచ్చుకునేలా పెట్టాను. రేపు ఏ లెక్చరరైనా మారితే ఒక్కచోట మారిస్తే చాలు, అన్నిచోట్లా మారిపోతుంది. నా తెలివికి నేనే కాసేపు కుర్చీలో వెనక్కి వాలి మురిసిపోయాను.

ఇక్కడే మీకొక సంగతి చెప్పాలి. కట్టేటప్పుడు "పేర్లు" షీటులో నేను అసలు పేర్లు రాయలేదు. పొడుగు పేర్లు గళ్ళలో పట్టడం లేదని, పని అయ్యేదాకా నాకు నేను పెట్టుకున్న పొట్టి పేర్లు రాసుకున్నాను. చివర్లో అసలువి రాస్తే సరిపోతుంది కదా, ఒక్కచోటే కదా అని.

ఆ పొట్టి పేర్లు ఇవి. రెండు గంటల క్లాసుల పుణ్యమా అని నాయుడు సార్ పేరు "జోలపాట". విజయ మేడమ్ గొంతు మూడంతస్తులు దాటి బట్టల షాపులో వినిపిస్తుంది కాబట్టి, తుపానప్పుడు రేవులో ఎగరేసే హెచ్చరిక గుర్తుగా, "పదో నంబరు". ఏ సందేహం అడిగినా మరునాటికి వాయిదా వేసే సోమయాజులు సార్ "రేపు". అన్నపూర్ణ మేడమ్ ఉపన్యాసం మొదలుపెడితే పెట్టె తర్వాత పెట్టె వస్తూనే ఉంటుంది, గేటు దగ్గర జనం నిలబడిపోతారు. అందుకని ఆవిడ "గూడ్సు బండి".

వారం రోజులు ఆ పేర్లనే చూసీ చూసీ, నా కళ్ళకు అవే అసలు పేర్లయిపోయాయి. రోజూ చూసే గోడమీది మరక కనబడకుండా పోతుందే, అలాగ.

శనివారం సాయంత్రం నాయుడు సార్ గుమ్మం దగ్గర నిలబడి, ఎంతో ప్రేమగా అడిగారు.

"రెండు గంటలకి ఎవుర్నేసేవు శ్రీనూ?"

"ఇంకా తేలలేదు సార్."

"సరే, రేపోపాలి మా కూర్మన్నపాలెం నుంచి ఇటొత్తాను. వచ్చి సూసుకుంతాన్లే."

ఆయన అటు వెళ్ళారో లేదో నేను తాళాలు బిగించడం మొదలుపెట్టాను. టైమ్‌టేబుల్‌లో ప్రతి గడీ మూసేశాను. మూయడమే కాదు, గడిమీద క్లిక్ చేసినా ఎంపిక కాకుండా చేశాను. "పేర్లు" షీటును కనబడకుండా దాచేశాను. దాచినదాన్ని ఎవరూ బయటికి తీయకుండా ఫైలు మొత్తానికి ఇంకో తాళం వేశాను. పాస్‌వర్డు ఒక్కటే, రెండుచోట్లా. ఫైలును లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఇదే ఫైనల్. మార్చడం కుదరదు" అని రాసి, ఆదివారమంతా ఫోను ఆపేశాను. స్లాటు మార్చమని బతిమాలేవాళ్ళ ఫోన్లు ఎత్తకూడదని నా నిశ్చయం. మధురవాడ వెళ్ళి గణేశ్‌తో బిర్యానీ తిని, రుషికొండలో అలలు చూస్తూ కూర్చున్నాను. గెలిచిన సేనాపతి కూడా అంత నిశ్చింతగా కూర్చుని ఉండడు.

సోమవారం అందరికన్నా ముందు వచ్చాను. హాల్లో కుర్చీలు వేయించి, ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించి, టైమ్‌టేబుల్‌ను గోడంత తెరమీద వేశాను. రంగులు, గీతలు, పెద్ద తెలుగు అక్షరాలు. చూడముచ్చటగా ఉంది. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని, తల పైకెత్తి చదవడం మొదలుపెట్టారు. చదివినవాళ్ళు పక్కవాళ్ళకు చూపిస్తున్నారు. పక్కవాళ్ళు నా వైపు చూస్తున్నారు. నేను వినయంగా తల దించుకున్నాను. మెచ్చుకుంటున్నారని అనుకున్నాను.

ముందు వరసలోంచి ఎల్లాజీ గారని ఒకాయన లేచారు. ఫిషింగ్ హార్బర్లో సొంత బోటు ఉందట. కూతురిని చేర్పించడానికి వచ్చారు.

"బాబూ, పదింటికి పదో నంబరంటన్నారు. అదేటి?"

నాకు అర్థంకాలేదు. "ఫిజిక్సండీ" అన్నాను.

"అది కాదు బాబూ. పదో నంబరు ఎగరేత్తే మాం బోట్లన్నీ కట్టీసి ఇంటికాడ కూకుంతాం. మరి ఆ టయానికి మా గుంట క్లాసుకి రావాలా, ఇంటికాడుండిపోవాలా?"

అప్పుడు తిరిగి తెర వైపు చూశాను. వారం తర్వాత మొదటిసారి నిజంగా చూశాను. తొమ్మిదింటికి ప్రారంభోపన్యాసం, గూడ్సు బండి. పదింటికి ఫిజిక్సు, పదో నంబరు. పదకొండుకు కెమిస్ట్రీ, రేపు. రెండింటికి లెక్కలు, జోలపాట. సోమవారం నుంచి శనివారం దాకా, నిలువునా అడ్డంగా, గోడంతా అవే. ఒక్కచోట రాస్తే అన్నిచోట్లా వస్తుందని నేనే కదా ఏర్పాటు చేసుకున్నది.

నా కాళ్ళ కింద బట్టల షాపు ఉందో లేదో తెలియలేదు. ల్యాప్‌టాప్ మీద పడ్డాను. క్లిక్ చేస్తే ఏ గడీ పలకదు. తాళం తీద్దామని పాస్‌వర్డు కొట్టాను. తప్పు అంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పు అంది. ప్రొజెక్టరు తగిలించి ఉంది కాబట్టి నేను కొట్టడం, అది తప్పనడం అంతా గోడమీద హాలంతటికీ కనిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే లెక్చరర్లు ముగ్గురూ, వాళ్ళ వెనకాల అన్నపూర్ణ మేడమ్ లోపలికి వచ్చారు. నలుగురూ తెర చూశారు. విజయ మేడమ్ నేరుగా నా దగ్గరికి వచ్చారు.

"నువ్వు లే. నాను కొడతాను. ఏటి పాస్‌వర్డు?"

నేను గొణిగాను.

"గట్టిగా సెప్పు."

"శ్రీను గ్రేట్, మేడమ్."

మేడమ్ రహస్యం చెప్పినా బట్టల షాపులో వినిపిస్తుందని ముందే అన్నాను. "శ్రీను గ్రేటా?" అని ఆవిడ అడిగింది నన్నొక్కణ్ణే గానీ, జవాబు కోసం హాలంతా నావైపు చూసింది.

ఆవిడ కొట్టారు. తప్పు అంది.

"కంప్యూటరు ఒప్పుకోటం లేదు శ్రీనూ."

వెనక వరసలోంచి ఎవరో పెద్దమనిషి సాయానికొచ్చారు. "శ్రీను సిన్న అక్షరాల్లో, గ్రేట్ పెద్ద అక్షరాల్లో కొట్టి సూడండి మేడమ్." చూశారు, తప్పే. "పోనీ శ్రీను పెద్దగా, గ్రేట్ సిన్నగా?" అదీ తప్పే. శ్రీను గ్రేట్ కాదని ఆ యంత్రం ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగానూ, గోడంత అక్షరాలతో చెప్పింది.

ఇక ప్రొజెక్టరు తీగ పీకేయడమొక్కటే మార్గం. చెయ్యి చాపాను. అన్నపూర్ణ మేడమ్ నా చెయ్యి ఆపారు.

"ఉండనీ" అన్నారు. మైకు తీసుకుని జనం వైపు తిరిగారు.

నా ఉద్యోగానికి అదే ఆఖరి రోజని నాకు తెలిసిపోయింది. ఆఖరి మాటలెలా ఉంటాయోనని వింటున్నాను.

"అందరికీ నమస్కారం. తొమ్మిదింటికి గూడ్సు బండి అని ఉంది కదా. అది నేనే. నేను మాట్లాడటం మొదలుపెడితే తొందరగా ఆపనని మా వాళ్ళందరికీ తెలుసు. కానీ ఈ ఊళ్ళో మనందరి ఇళ్ళలో పొయ్యి వెలుగుతోందంటే రేవుకీ స్టీల్ ప్లాంటుకీ గూడ్సు బళ్ళు నడవబట్టే. కాబట్టి ఆ పేరు నాకు నచ్చింది. మిగతా ముగ్గురూ ఎవరో వాళ్ళే చెబుతారు."

హాలు ఒక్కసారిగా నవ్వింది. ఇంతసేపూ నన్ను చూసి నవ్విన నవ్వు వేరు, ఇది వేరు.

విజయ మేడమ్ మైకు తీసుకోలేదు. ఆవిడకు అక్కర్లేదు. "పదో నంబరు నేను. ఎల్లాజీ గారూ, మీ అమ్మాయిని ఇంట్లో ఉంచకండి. నా క్లాసులో ఆఖరి బెంచీ వాళ్ళకి కూడా వినపడలేదనే మాట ఇంతవరకూ రాలేదు" అన్నారు. ఎల్లాజీ గారు "ఇనపడతన్నాదమ్మా, బాగా ఇనపడతన్నాది" అన్నారు.

సోమయాజులు సార్ లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "నా సంగతి రేపు చెబుతాను" అని కూర్చున్నారు. ఆ మనిషిలో అంత హాస్యం ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

మిగిలింది నాయుడు సార్. అందరిలోకీ చెడ్డ పేరు ఆయనకే పెట్టాను. "గూడ్సు"ను మెచ్చుకోవచ్చు, "పదో నంబరు"నూ మెచ్చుకోవచ్చు. లెక్కల మాస్టారి పాఠం జోలపాట అంటే ఇంకేం మిగులుతుంది? ఆయన నెమ్మదిగా నడిచి వచ్చి, కాసేపు తెర చూసి, మార్కరు అందుకున్నారు.

"జోలపాట నానే. నా పాఠానికి నిద్దరొత్తాదని రాసేరు. వత్తాదో రాదో మీరే సూసి సెప్పండి. కునుకొత్తే పడుకోండి, నాను లేపను."

తెర పక్కనున్న బోర్డుమీద ఒక గీత గీశారు. దానిమీద ఒక కొండ.

"ఎల్లాజీ గారూ, మీ హార్బర్ కాడ నిలబడితే డాల్ఫిన్ నోస్ కొండ కనిపిత్తాది కదా. ఆ కొండ ఎక్కకుండా, ఉన్నకాడే ఉండి దాని ఎత్తు సెప్పగలరా?"

"ఎక్కకుండా ఎలగండి?"

"ఎలగో సూద్దాం. తల ఎంత పైకెత్తితే శిఖరం కనబడతాదో అది గుర్తెట్టుకోండి. ఇప్పుడు ఎనక్కి నడవండి. ఎనక్కెళ్తే తల పైకెత్తాలా, దించాలా?"

"దించాల" అన్నారు జనంలోంచి చాలామంది.

"ఎంత దించాలో కొలిసేం అనుకోండి. ఎంత దూరం నడిసేమో మనకు తెలుసు. ఈ రెండూ సాలు. కొండ తన ఎత్తు తనే సెప్పీత్తాది."

ఆ తర్వాత ఆయన చేసింది నేను సరిగ్గా వర్ణించలేను. త్రికోణమితి అంటే మా స్కూల్లో నన్ను బెంచీ ఎక్కించిన పాఠం. అది అంత తేలిగ్గా, సముద్రపు గాలి తగులుతున్నట్టు, ఒక గీతలోంచి ఇంకో గీతగా విప్పుకుంటూ పోయింది. ప్రతి మలుపులోనూ ఆయన తాను చెప్పకుండా జనాన్నే అడిగారు. చీర కొంగులు సర్దుకుంటున్న తల్లులు జవాబులు చెప్పారు. కాగితాలు మడిచి, వాటి అంచుల వెంట ఫ్యాను వైపు, కిటికీ వైపు గురిచూసి కోణాలు కొలిచారు. పైన ఫ్యాను అదే రాగం తీస్తోంది. ఒక్కరి కళ్ళూ మూతపడలేదు. నేను టైమ్‌టేబుల్ వేయడమే గానీ, గది తలుపు వెనక జరిగేదేమిటో అన్నాళ్ళలో ఒక్కసారైనా కూర్చుని విన్నవాణ్ణి కాదు. నా తప్పు నేను మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను.

పాఠం అయ్యాక ఎల్లాజీ గారే మొదట లేచారు.

"మా గుంటని సేర్సుకోండి. రెండింటి క్లాసుకి ఎనక కుర్చీ ఒకటి కాళీ ఉంచండి. సేపల ఏటకెళ్ళని రోజు నానూ వత్తాను."

ఆయన వెనకాల మిగతావాళ్ళు వరస కట్టారు. ఏసీ గదుల గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు.

జనం వెళ్ళిపోయాక స్టాఫ్ రూమ్‌కు వెళ్ళాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాయుడు సార్ టీ తాగుతూ నన్ను చూశారు.

"నిన్నంతా ఫోనెందుకాపేసేవురా?"

"స్లాటు మార్చమంటారేమోనని సార్."

"స్లాటు కాదురా నాయినా, పేర్లు మార్చుదామని. ముగ్గురం విజయ మేడమ్ ఇంట్లో కూకుని, పొద్దున్నుంచి నీ ఫైలుతో కుస్తీ పట్టేం. ఎక్కడ నొక్కినా కదల్దు. ఆ పేర్లెక్కడ దాసేవో మాకు దొరకలేదు."

"తాళం మాత్రం గట్టిగా వేసేవు" అన్నారు విజయ మేడమ్. మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ వారం నా పనికి దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

"ఈ పొద్దున్న నాకు చెప్పారు" అన్నారు అన్నపూర్ణ మేడమ్. "తెర వేయకముందే నిన్ను పట్టుకుందామనుకున్నాం. నువ్వేమో అందరికన్నా ముందొచ్చావు."

నేను నాయుడు సార్ వైపు చూడకుండా అడిగాను. "కోపం రాలేదా సార్?"

"రాకేటి? గట్టిగా వచ్చింది. ఉక్రోషంతో మా ఆవిడకి సూపించేను. నన్నో జోలపాటన్నాడు సూడూ అని. ఆవిడ పడీ పడీ నవ్వీసి, ఆ అబ్బాయెవరో గానీ మనింటికెప్పుడొచ్చేడండీ అంది. ఇంకేటి కోపం?"

స్టాఫ్ రూమ్ అంతా నవ్వింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, కాస్త నెమ్మదిగా అన్నారు.

"శ్రీనూ, ఒకటి సెప్తాను. రెండింటికి నిద్దరొచ్చీది పిల్లలకి, నాకు కాదు. లెక్కలంటే ఆళ్ళకి అసలే బయ్యం. పొద్దున్నే సెబితే బుర్రకెక్కుతాదని నాను జరుపుకునీవోణ్ణి. నువ్వెప్పుడూ ఎందుకని అడగలేదు. నానూ సెప్పలేదు."

"నాదీ అదే బాధ" అన్నారు విజయ మేడమ్.

సోమయాజులు సార్ తల ఊపారు. ముగ్గురూ నెలల తరబడి దొంగచాటుగా గళ్ళు జరుపుకున్నది ఒకే కారణానికి. అది ముగ్గురిలో ఎవరూ మిగతా ఇద్దరికీ చెప్పలేదు. ఆ టీ పూర్తయ్యేలోగా రెండు గంటల పీరియడ్ వారానికొకరు చొప్పున వంతులు వేసుకున్నారు. నేను వారం పాటు కోట కట్టి సాధించలేనిది, బిస్కెట్లు పంచుకుంటూ తేల్చేశారు.

మధ్యాహ్నం గణేశ్ సెలవు పెట్టి బైకు మీద వచ్చాడు. జరిగిందంతా విని, నవ్వడానికి మెట్లమీద కూర్చుని, నవ్వు ముగించుకుని వచ్చి ల్యాప్‌టాప్ చూశాడు.

"బావ, ఈ పేర్లన్నీ తెలుగులో కొట్టేవు కదా. పాస్‌వర్డు కొట్టినప్పుడు కీబోర్డు ఏ బాషలో ఉన్నాది?"

"ఇంగ్లీషులోనే ఉండుంతాది."

"సూసేవా?"

చూడలేదు. పాస్‌వర్డు కొట్టేటప్పుడు చుక్కలే కదా కనిపించేది. ఇంగ్లీషు చుక్కకూ తెలుగు చుక్కకూ తేడా ఎవడికి తెలుసు? శనివారం కీబోర్డు తెలుగులోనే ఉంది. సోమవారం సిస్టమ్ తెరిచేసరికి ఇంగ్లీషులోకి వచ్చేసింది. గణేశ్ దాన్ని తెలుగుకు మార్చి, అవే మీటలు అదే వరసలో నొక్కాడు. తాళం తెరుచుకుంది. తర్వాత నేనూ ఆ మీటలు ఒక ఖాళీ పేజీ మీద నొక్కి చూశాను. ఒత్తులూ గుణింతాలూ ఆధారం లేక గాల్లో వేలాడుతున్న మాట ఒకటి వచ్చింది. నోరున్న మనిషెవడూ దాన్ని పలకలేడు. శనివారం నుంచి ఆ ఫైలును కాపాడింది ఆ మాట.

అసలు పేర్లు రాశాను. నలుగురినీ పక్కన నిలబెట్టుకుని, పైనుంచి కింద దాకా చదివించాను. ఫైలు మళ్ళీ ఎవరైనా పొరపాటున ముట్టుకుంటే పాడవుతుంది కాబట్టి, తాళం అవసరమేనని అందరూ ఒప్పుకున్నారు. వాళ్ళు నింపాల్సిన గళ్ళు మాత్రం తెరిచి ఉంచాలన్నారు. అదీ చేశాను. ఇక పాస్‌వర్డు పెట్టడమే మిగిలింది.

"నువ్వు కాసేపు అటు తిరుగు" అన్నారు అన్నపూర్ణ మేడమ్.

నేను కిటికీ వైపు తిరిగాను. వెనకాల నలుగురూ గుసగుసలాడుకున్నారు, విజయ మేడమ్‌తో సహా. ఆవిడకు గుసగుసలాడటం వచ్చని అప్పుడే తెలిసింది. మీటల చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు నవ్వు వినిపించింది.

పిల్లలు పాసై వెళ్తున్నారు, కొత్తవాళ్ళు వస్తున్నారు, ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మా సెంటర్ టైమ్‌టేబుల్‌కు ఈ జన్మలో నా చేత్తో తాళం వేయను, వేసిన తాళం తీయను. ఈ ప్రతిజ్ఞ నిలబెట్టుకోవడం నాకేమంత కష్టం కావడం లేదు. టైమ్‌టేబుల్ ఇన్‌ఛార్జిని ఇప్పటికీ నేనే గానీ, పాస్‌వర్డు నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.